చైనా ‘చీ’, పాలమూరు ‘పానం’

చైనా వైద్యానికీ తత్త్వానికీ మూలమైన జీవశక్తి పేరు ‘చీ’. తెలుగు చెవికి ఈసడింపులా వినిపిస్తుంది గానీ, ఊపిరి, గాలి, ఆవిరి, ఒంట్లోని సత్తువ అన్నీ అందులోనే ఉన్నాయి. పాత లిపిలో ఆ అక్షరానికి పైన ఆవిరి గుర్తు, లోపల బియ్యం గుర్తు ఉంటాయి.

చీ ఒంట్లో కొన్ని దారుల వెంట తిరుగుతుందనీ, దారి మూసుకుపోతే జబ్బు చేస్తుందనీ అక్కడి సంప్రదాయ వైద్యుల నమ్మకం. ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చేది ఆ దారుల మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జాబితాలో అలాంటి చోట్లు 361 ఉన్నాయి.

వీధిలో మాత్రం ఈ మాటకు ఇంత బరువు లేదు. కోపం వస్తే ‘షెంగ్ చీ’, అదృష్టం ‘యున్ చీ’, ఎండావానల తీరు ‘తియెన్ చీ’, అంటే ఆకాశపు చీ. పిసినారితనాన్ని ‘చిన్న చీ’ అంటారు. వాన వస్తుందా అని అడిగేవారికి సూదులూ దారులూ గుర్తుకే రావు.

తెలుగులో దీనికి దగ్గరి చుట్టం ప్రాణం. ఆయుర్వేదం దానికి ఐదు పనులు పంచింది. ఊపిరి ప్రాణానిది, మాట ఉదానానిది, అరుగుదల సమానానిది, ఒళ్లంతా ప్రసరణ వ్యానానిది, విసర్జన అపానానిది. బిడ్డ మీద పంచప్రాణాలు పెట్టుకుందనే తల్లికి ఈ పంపకంతో పని లేదు. వాడుకలో ప్రాణం విసుగుతుంది, ఉసూరుమంటుంది, లేచి వస్తుంది. అయితే చీలాగా మబ్బులోకీ అదృష్టంలోకీ పోదు. బతికున్న ఒంటినే అంటిపెట్టుకుంటుంది.

పాలమూరు పల్లెల్లో అది మరీ ఇంటి మాట. నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు వైపు పలకరింపే “పానం మంచిగున్నదా?” అని. “ఏడ బిడ్డా, రెండు దినాల సంది పానం బాగలేదు” అని జవాబు వస్తే అది జ్వరం కావచ్చు, కడుపునొప్పి కావచ్చు, ఉత్త నీరసం కావచ్చు. దిగులు తీరితే పానం నిమ్మళమవుతుంది. కోస్తావారు ఇక్కడ ‘ఒళ్లు’ అంటారు: ఒంట్లో బాగాలేదు.

చీని గానీ ప్రాణాన్ని గానీ ఏ పరికరమూ ఇంతవరకు కొలవలేదు. భాషలో వాటి చోటు అందువల్ల తగ్గలేదు. ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చిన డాక్టరు “పానం బాగలేదు” అనే మాట విని ప్రాణాపాయమని కంగారు పడనక్కరలేదు, చిన్నదేలే అని తోసెయ్యనూ కూడదు. ఎక్కడ నొస్తున్నదో, ఎన్నాళ్ల నుంచో అడిగి తెలుసుకోవాల్సిందే.