ఎలుకను ఎలా పట్టాలి?

కంప్యూటర్ కొనేటప్పుడు ప్రాసెసర్ గురించి పదిమందిని అడుగుతాం. ర్యామ్ ఎంత, మానిటర్ ఎన్ని అంగుళాలు, వారంటీ ఎన్నేళ్లు... అన్నీ ఆరా తీస్తాం. మౌస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఏదో ఒకటి వేసెయ్యండి’ అనేస్తాం. నిజానికి కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ మన చేతిలో ఉండేది అదే!

ఇంట్లో ఆటల పిచ్చి ఉన్న పిల్లలుంటే కథ ఇంకోలా ఉంటుంది. ‘ఈ డొక్కు మౌస్‌తో ఎలా గెలుస్తాను నాన్నా? నా ఫ్రెండ్‌ది పదహారు వేల డీపీఐ తెలుసా!’ అని అబ్బాయి పోరు. ‘అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్కకి నాలుగు వేలా?’ అని నాన్న రుసరుస. అమ్మాయికి కాలేజీ ప్రాజెక్టు, అమ్మకి ఆఫీసు ఎక్సెల్ షీట్లు... కంప్యూటర్ ఒక్కటే, మౌసూ ఒక్కటే. మరి అందరికీ పనికొచ్చేదాన్ని ఎంచుకునేదెలా? పెట్టె మీది అంకెల్ని కాసేపు పక్కనపెట్టండి. ముందు మీ చెయ్యి చూసుకోండి.

చెయ్యి చూసుకునే ముందు, అబ్బాయి నోట్లో నానుతున్న ఆ డీపీఐ సంగతి తేల్చేద్దాం.

మూడు మిల్లీమీటర్ల మాయ

మౌస్‌ని ఒక అంగుళం జరిపితే ఎన్ని కదలికలుగా లెక్కగట్టి కంప్యూటర్‌కి చెబుతుందో అదే డీపీఐ. 800 దగ్గర పెడితే అంగుళానికి తెరమీద బాణం 800 చుక్కలు జరుగుతుంది. విండోస్‌లో బాణం వేగం సరిగ్గా మధ్యలో ఉన్నప్పటి లెక్క ఇది. ఫుల్ హెచ్‌డీ తెర వెడల్పు 1920 చుక్కలు. అంటే ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లాలంటే చెయ్యి 2.4 అంగుళాలు, అటూ ఇటుగా ఆరు సెంటీమీటర్లు కదిలితే చాలు. 1600 దగ్గర మూడు సెంటీమీటర్లు. మరి 16,000 దగ్గర? మూడంటే మూడు మిల్లీమీటర్లు! చెయ్యి కాస్త వణికితే బాణం తెర దాటేస్తుంది. దాంతో గురిచూసి కాల్చడం కాదు కదా, ఫైలు మీద క్లిక్ చేయడం కూడా కష్టమే.

కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ లాంటి తుపాకీ ఆటల్లో పోటీలకు వెళ్లే ఆటగాళ్లలో చాలామంది వాడేది 400, 800, మహా అయితే 1600. లక్షల బహుమతులకు ఆడేవాళ్లే అంతటితో సరిపెట్టుకుంటుంటే మన అబ్బాయికి వేలకు వేలు ఎందుకు? కంపెనీలు పెంచుకుంటూ పోవడానికి కారణం, నన్నడిగితే, పెట్టె మీద పెద్ద అంకె బాగా కనిపిస్తుంది కాబట్టి. మరీ పెద్దదైన 4కే తెర ఉంటే 1600 నుంచి 3200 దాకా అవసరం పడొచ్చు. అంతకుమించి ఉన్నా వాడేది తక్కువే.

ఇంకో అంకె పోలింగ్ రేటు. ‘నేనిక్కడున్నాను’ అని మౌస్ సెకనుకి ఎన్నిసార్లు కంప్యూటర్‌కి కబురు పెడుతుందన్నది దీని అర్థం. మామూలు ఆఫీసు మౌస్ 125 సార్లు చెబుతుంది. అంటే 8 మిల్లీసెకన్లకోసారి. గేమింగ్ మౌస్ వెయ్యిసార్లు, మిల్లీసెకనుకోసారి. ఆటలో ఈ తేడా చేతికి తెలుస్తుంది. ఇప్పుడు 8,000 సార్లు చెప్పేవీ వచ్చాయి. కానీ ఇంట్లో ఉన్నది సెకనుకి 60 బొమ్మలు చూపే మామూలు మానిటర్ అయితే ఒక్కో బొమ్మకే పదహారు మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ ఎనిమిది వేలకీ అదనంగా డబ్బు పోయడం దండగ. పాత ప్రాసెసర్ మీద బరువు కూడా.

చెక్కపెట్టె నుంచి చిన్న కెమెరా దాకా

మౌస్‌కి అరవై ఏళ్లు దాటాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకి బిల్ ఇంగ్లిష్ అనే ఇంజినీరు 1964లో రూపమిచ్చాడు. చిన్న చెక్కపెట్టె, కింద రెండు చక్రాలు, పైన ఒకే ఒక్క మీట! తోకలాంటి వైరు ఉంది కదా... అందుకే ఎలుక అయింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని ప్రపంచానికి చూపించారు. 1970లో పేటెంటు వచ్చింది. మౌసులు ఇంటింటికీ చేరేనాటికి ఆ పేటెంటు గడువు తీరిపోయింది. ఎంగెల్‌బార్ట్‌కి రాయల్టీగా పైసా దక్కలేదు.

కింద రబ్బరు బంతి ఉండే మౌసులు గుర్తున్నాయా? వారానికోసారి మూత తిప్పి, బంతి తీసి, లోపలి చక్రాలకి పట్టిన మురికిని గోటితో గీకేవాళ్లం! 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్‌తో ఆ బంతికి కాలం చెల్లడం మొదలైంది. ఇప్పటి మౌస్ అడుగున ఉన్నది ఓ బుల్లి కెమెరా. బల్లని సెకనుకి వేలసార్లు ఫొటో తీసి, ముందు ఫొటోతో పోల్చి ఎటు జరిగిందో లెక్కగడుతుంది. బల్ల మీద గరుకు, గీతలు కనబడాలి కాబట్టే అద్దం బల్ల మీద చాలా మౌసులు తడబడతాయి.

ఈ కెమెరా చిప్‌లని చాలా కంపెనీలకి తయారుచేసి ఇచ్చేది తైవాన్‌లోని పిక్స్‌ఆర్ట్. అందుకే పేరున్న కంపెనీ మౌస్ పదిహేను వందలదైనా, దాని కన్ను ఇంటి ఆటలకి ఎంతమాత్రం తక్కువ కాదు. జాగ్రత్త పడాల్సింది రంగురంగుల లైట్లతో ‘గేమింగ్’ అని రాసి మూడొందలకి అమ్మే ఊరూపేరూ లేనివాటితో. విసురుగా తిప్పితే బాణం దారితప్పి ఆకాశం వైపో నేల వైపో చూస్తుంది. అంతకంటే ఏ ఆడంబరం లేని ఐదొందల ఆఫీసు మౌస్ నయం.

ఇప్పుడు చెయ్యి చాపండి

స్కేలు తీసుకోండి. మణికట్టు దగ్గరి గీత నుంచి మధ్యవేలి చివరిదాకా కొలవండి. 17 సెంటీమీటర్లలోపు ఉంటే చిన్న చెయ్యి, 19 దాటితే పెద్దది అని స్థూలంగా అనుకోవచ్చు. పన్నెండేళ్ల పిల్లాడికి నాన్న చేతికి సరిపోయే మౌస్ కొనిస్తే క్లిక్ చేసేందుకు వేళ్లు సాగదీయాల్సిందే. పెద్ద చేతిలో బుల్లి మౌస్ పెడితే వేళ్లు ముడుచుకుపోయి గంటకే లాగేస్తాయి. చెప్పుల కొలత లాంటిదే ఇదీ. మనం మాత్రం కొలవకుండా కొంటాం.

తర్వాత, పట్టుకునే తీరు గమనించండి. కొందరు అరచెయ్యి మొత్తం మౌస్ మీద వాల్చేస్తారు. వీళ్లకి వెనకభాగం ఎత్తుగా, కుడివైపు వాలుగా ఉండేది హాయి. 2006లో వచ్చిన రేజర్ డెత్‌యాడర్ ఇన్నేళ్లయినా కొత్తకొత్త రూపాల్లో నిలిచి ఉండటానికి కారణం ఆ ఒంపే. ఇంకొందరు వేళ్లని డేగ గోళ్లలా వంచుతారు. మరికొందరు మునివేళ్లతోనే కదుపుతారు, అరచెయ్యి తగలనివ్వరు. ఈ రెండు రకాలకీ పొట్టిగా, తేలిగ్గా, రెండు పక్కలా ఒకేలా ఉండేవి నప్పుతాయి. అబ్బాయి ఆడుతున్నప్పుడు చెప్పకుండా వెనక నుంచి ఓసారి చూడండి. ‘ఎలా పట్టుకుంటావురా?’ అని అడిగితే పట్టు మార్చేస్తాడు!

ఎడమచేతి వాటం పిల్లల్ని షాపులు పట్టించుకోవు. రెండు పక్కలా ఒకే ఆకారం ఉన్నవి కూడా చాలావరకు పక్క మీటల్ని ఎడమవైపే పెడతాయి. కుడిచేతి బొటనవేలి కోసమన్నమాట. ఆ సంగతి చూసుకుని కొనాలి.

ఇక బరువు. డీపీఐ తక్కువ పెట్టుకుని ఆడేవాళ్లు మౌస్‌ని చాలా దూరం జరపాలి. బల్ల చివరికొస్తే ఎత్తి మళ్లీ వెనక్కి పెట్టాలి. రెండు గంటల ఆటలో ఇలా వందలసార్లు జరుగుతుంది. అందుకే ఇరవై, ముప్ఫై గ్రాముల తేడా కూడా చేతికి తెలుస్తుంది. ఒకే కంపెనీ చేసిన రెండు మౌసుల్నే తీసుకోండి. లాజిటెక్ 2020లో తెచ్చిన జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ బరువు 63 గ్రాముల్లోపే. అదే కంపెనీ ఆఫీసు పనికోసం చేసిన ఎంఎక్స్ మాస్టర్ 3 బరువు 141 గ్రాములు. రెట్టింపుకి పైనే! ఎంఎక్స్ మాస్టర్ చక్రాన్ని ఒక్కసారి గిరగిరా తిప్పితే ఎక్సెల్ షీటు వేల వరసలు దాటిపోతుంది. అమ్మకి అదొక వరం. అబ్బాయికి మాత్రం గుదిబండ. రెండూ ఖరీదైనవే. డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన అందరికీ పనికొస్తుందనుకోవడానికి లేదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఒక్క మౌస్... నలుగురు యజమానులు

ఇంటిల్లిపాదికీ ఒకటే అయితే నా ఓటు నడిమి దారికే. పేరున్న కంపెనీది, వైరున్నది, 80-90 గ్రాములది, బొటనవేలి దగ్గర రెండు మీటలున్నది. లాజిటెక్ జీ102 లాంటివి ఈ కోవలోవే. దాని బరువు 85 గ్రాములు, మీటలు ఆరు. ఈ తరహావి పదిహేను వందలు, రెండు వేల మధ్య దొరుకుతుంటాయి. చక్రం వెనక ఉండే చిన్న మీట నొక్కితే డీపీఐ మారుతుంది. అబ్బాయికి 800, మిగతావాళ్లకి 1600 పెట్టి ఉంచితే తగువు తీరిపోతుంది. పక్క మీటలు ఆటలో బాంబు విసరడానికి, ఇంటర్నెట్‌లో వెనక పేజీకి వెళ్లడానికి. పన్నెండు పక్క మీటలుండే మౌసులూ ఉన్నాయి. అవి వందల మంత్రాలు, ఆయుధాలు వాడే ఆన్‌లైన్ ఆటల కోసం. మిగతావాళ్లకి అనవసరం, పైగా పొరపాటున వేలు తగిలిపోతుంది.

వైర్‌లెస్ వద్దా? వద్దని కాదు. ఒకప్పుడు వైర్‌లెస్ మౌస్ ఆటలో వెనకబడేదన్నది నిజం. ఇప్పుడు యూఎస్‌బీకి చిన్న రిసీవర్ తగిలించే మంచి గేమింగ్ రకాలకి ఆ లోటు లేదు. పోటీల్లోనూ అవే వాడుతున్నారు. బ్లూటూత్ మాత్రం ఆటకి పనికిరాదు, ఆఫీసు పనికి సరే. రిసీవర్‌ని సీపీయూ వెనక, నీలంరంగు యూఎస్‌బీ 3 పోర్టు పక్కన దూర్చితే సిగ్నల్‌కి అడ్డు తగిలి బాణం తడబడొచ్చు. ముందువైపు పోర్టులో పెట్టండి. చాలాసార్లు ‘మౌస్ పాడైంది’ అనుకునే జబ్బుకి మందు ఇదే.

మన ఎండలకి సంబంధించిన సంగతొకటి. పట్టు కోసమని మెత్తటి రబ్బరు పూత పూసిన మౌసులు చేతిలో పట్టుకుంటే మహా బాగుంటాయి. మన చెమటకీ, కోస్తా ఉక్కకీ రెండుమూడేళ్లలో ఆ పూత బంకబంకగా తయారవుతుంది. మామూలు గరుకు ప్లాస్టిక్కే మేలు. బరువు తగ్గించడానికి తేనెపట్టులా చిల్లులు పెట్టినవీ అంతే. ఆ చిల్లుల్లోకి దుమ్ము, మిక్చర్ పలుకులు చేరతాయి.

కొన్నాక చెయ్యాల్సిన పని ఒకటుంది. విండోస్ మౌస్ సెట్టింగుల్లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అనే గడి ఉంటుంది. అది టిక్ అయి ఉంటే చెయ్యి వేగాన్ని బట్టి బాణం వెళ్లే దూరం మారిపోతుంది. ఆటలాడే ఇంట్లో ఆ టిక్ తీసేయడమే మంచిది. మొదటి రెండు రోజులు ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత చెయ్యి దూరాన్ని గుర్తుపెట్టుకుంటుంది. గుడ్డతో చేసిన పెద్ద మౌస్ ప్యాడ్ కూడా కొనండి. మూడొందలు పెట్టి కొన్న మంచి ప్యాడ్ చేసే మేలు, మౌస్ మీద అదనంగా పెట్టే వెయ్యి చెయ్యదు.

మణికట్టు మాట వినండి

తేలిగ్గా తీసుకోకూడనిది ఇదే. మౌస్ కీబోర్డుకి దూరంగా ఉంటే భుజం చాపాలి. బల్ల ఎత్తుగా ఉంటే మణికట్టు పైకి వంగుతుంది. గంటల తరబడి అలాగే ఉంచితే అక్కడి నరాల మీద, కండరాల మీద ఒత్తిడి. డైనింగ్ టేబుల్ మీద కంప్యూటర్ పెట్టిన ఇళ్లలో చూడండి, పిల్లల మోచెయ్యి గాల్లో వేలాడుతుంటుంది. కుర్చీలో దిండు వేసైనా ఎత్తు పెంచి, మోచెయ్యి బల్ల ఎత్తుకి వచ్చేట్టు, ముంజేయి బల్లకి ఆనేట్టు చూడాలి. మణికట్టుతోనే తిప్పకుండా మోచేతి నుంచి కదపడం అలవాటు చేయాలి. అరగంటకోసారి చెయ్యి తీసి విదిలించాలి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రిళ్లు ఆ తిమ్మిరికి మెలకువ రావడం... ఇలాంటివి కనబడితే కొత్త మౌస్ వెతకడం మాని డాక్టర్‌ని కలవండి. కరచాలనం చేస్తున్నట్టు పట్టుకునే నిలువు మౌసులు ముంజేయి మెలితిరగడాన్ని తగ్గిస్తాయి. ఆఫీసు పనికి కొందరికి హాయిగా ఉంటాయి. కానీ నొప్పి పోతుందన్న హామీ లేదు. గురిచూసే ఆటలకి అవి చాలామందికి నప్పవు.

ఆన్‌లైన్‌లో రేటు తక్కువే కావచ్చు. కొనే ముందు ఒకసారి షాపుకెళ్లి చేత్తో పట్టుకుని చూడటం మాత్రం మానకండి. హైదరాబాద్ వాళ్లకైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. కౌంటర్ మీద తీసిపెట్టిన మౌస్ మీద చెయ్యి వాల్చి రెండు నిమిషాలు ఉంచండి. చిటికెనవేలు బల్లకి రాసుకుంటోందా? పక్క మీట బొటనవేలికి సాగదీయకుండా అందుతోందా? క్లిక్ చప్పుడు ఎంత? గేమింగ్ మౌసుల టకటకలు రాత్రిపూట పక్కగదిలోకి వినిపిస్తాయి.

బిల్లు, పెట్టె దాచండి. మీట లోపలి స్విచ్చి కోటి క్లిక్కులని ఒక కంపెనీ, ఐదు కోట్లని ఇంకొకటీ చెబుతాయి. అయినా లోపలి రాగి రేకు అలిసిపోతే మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు చెబుతుంది. ఫైలుని లాగుతుంటే మధ్యలో జారవిడుస్తుంది. ఈ జబ్బు కనిపిస్తే ముందు వారంటీ తేదీ చూసుకోండి. గేమింగ్ మౌసులకి రెండేళ్లుండటం మామూలే. తేదీ దాటితే బాగుచేసే షాపువాళ్లు ఆ స్విచ్చి ఒక్కటీ తీసి కొత్తది అతికిస్తారు. కాంతితో పనిచేసే ఆప్టికల్ స్విచ్చిలున్న వాటిలో రేకులు ఒకదానికొకటి తగలాల్సిన పనే లేదు కాబట్టి ఈ జబ్బు రాదు. ధర మాత్రం కొంచెం ఎక్కువ.