పై అంతస్తు చప్పుడు – ఇరుగు పొరుగు మర్యాద

ఉర్దూలో పొరుగువానిని 'హమ్‌సాయా' అంటారు. పారసీకం నుండి వచ్చిన ఆ మాటకు ఒకే నీడను పంచుకొనేవాడు అని అర్థం. తెలుగులో మనం 'ఇరుగు పొరుగు' అని జంటగా పలుకుతాం. ఈ మాటలు పుట్టిన నాడు పొరుగువాడు ప్రక్కన ఉండేవాడే గాని నెత్తిమీద ఉండేవాడు కాడు. ఇద్దరి నడుమ ప్రహరీగోడ, దానికి అటూ ఇటూ కాస్త పెరడు, ఒక వేపచెట్టు ఉండేవి. జగ్గయ్యపేట, నందిగామలలో లేచిన అపార్టుమెంట్లలో ఒకరి నేలే మరొకరికి పైకప్పు. కృష్ణా మెట్ట అని మనం నేటికీ పిలుచుకొనే ఈ సీమ 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినంత త్వరగా మనిషి అలవాట్లు మారవు. పెరటిలో పచ్చడి దంచిన చేయి మూడవ అంతస్తులోనూ అదే బలంతో దంచుతుంది.

నందిగామలో మేము ఎరిగిన ఒక భవనంలో జరిగిన సంగతి చెబుతాము. రెండవ అంతస్తులో ఇంటర్మీడియెట్ చదివే అమ్మాయి ఉన్నది. ఆమె గదికి సరిగ్గా పైన, టిఫిను బండి నడుపుకొనే కుటుంబం ఉన్నది. ఇడ్లీపిండి ముందునాటి సాయంత్రమే రుబ్బి పులియబెడతారు కనుక దానితో పేచీ లేదు. గారెలపిండి, పచ్చడి మాత్రం తెల్లవారుజామున నాలుగు గంటలకు గ్రైండరులో పడవలసిందే. రాత్రి పన్నెండు వరకు చదివి పడుకొన్న పిల్లకు నాలుగింటికి తలపై శ్లాబు గుమ్మని మ్రోగేది. తండ్రి విసిగి కర్రతో పైకప్పును పొడిచాడు. ఆ పోటుకు అర్థమేమిటో పైవారికి తెలియలేదు. తరువాత వాచ్‌మన్ చేత కబురు పంపారు. కబురు మెట్లెక్కేసరికి కొంత కారం కలిసింది. 'మా పొట్ట కొట్టాలని చూస్తున్నారు' అని జవాబు దిగివచ్చింది. నెల తిరగకుండానే రెండు కుటుంబాలూ మెట్లమీద ఎదురైనా పలకరించుకోవడం మానివేశాయి. ఒకరికి చదువు, మరొకరికి జీవనోపాధి. ఎవరిని తప్పుపట్టగలం?

ఇటువంటి తగవు తీర్చడానికి ముందు చప్పుడు ఏ దారిన వస్తున్నదో తెలిసికోవలెను. అది రెండు దారులలో ప్రయాణిస్తుంది. మాట, పాట, టెలివిజన్ మోత గాలిలో బయలుదేరి గోడను తాకుతాయి. గోడ ఎంత బరువైతే అంత ఆపుతుంది. బరువు రెట్టింపైతే సుమారు 5, 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పాత తొమ్మిది అంగుళాల గోడ ఆపినంతగా నేటి నాలుగున్నర అంగుళాల గోడ ఆపలేదు. గోడ ఎంత గట్టిదైనా తలుపు సందు, వెంటిలేటరు తెరిచి ఉంటే ఆ శ్రమ వృథా. గోడకు గుడ్ల అట్టలు అంటిస్తే ప్రక్కింటి మోత ఆగిపోతుందని కొందరు నమ్ముతారు. అవి గదిలోని ప్రతిధ్వనిని కొంత తగ్గిస్తాయేమో గాని, అంత తేలిక వస్తువు గోడ దాటివచ్చే ధ్వనిని ఆపలేదు.

రెండవ దారి వేరు. రోలు, గ్రైండరు, ఈడ్చిన కుర్చీ, పిల్లల గంతులు, నీటి మోటారు నేరుగా కాంక్రీటునే కదిలిస్తాయి. శ్లాబు, దూలం, స్తంభం ఒకే ముక్కగా పోతపోసినవి కనుక ఆ కంపనం అంతగా తగ్గకుండానే క్రింది ఇంటి పైకప్పును వాయిస్తుంది. ఇక్కడొక విచిత్రమున్నది. గ్రైండరు ప్రక్కన నిలుచున్నవారికి అది రోజూ వినే వంటింటి మోతగానే ఉంటుంది. క్రింద పడుకొన్నవారికి అది గది అంతటా నిండిన మోత. ఒకే చప్పుడు రెండు ఇళ్ళలో రెండు రకాలు. ఫిర్యాదు చేసినవాడు పెంచి చెబుతున్నాడని పైవారు అనుకోవడానికి, పైవారు కావాలనే చేస్తున్నారని క్రిందివారు అనుకోవడానికి మూలం ఇదే. దీనికి మందు గోడలో లేదు. చప్పుడు పుట్టేచోటనే, యంత్రం కాళ్ళక్రింద మందమైన రబ్బరు వేయవలెను, నేలపై జంపఖానా పరవవలెను.

చట్టం ఏమి చేయగలదు? 2000 ఫిబ్రవరి 14న వెలువడిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు. పది డెసిబెల్సే గదా తేడా అనుకోరాదు. పది పెరిగితే ధ్వనిశక్తి పదిరెట్లు, చెవికి సుమారు రెండింతలుగా తోస్తుంది. హద్దును 10 డెసిబెల్స్ గాని అంతకు మించి గాని దాటినా, రాత్రి నిషేధాలను ఉల్లంఘించినా, డి.ఎస్.పి. హోదాకు తగ్గని పోలీసు అధికారికి గాని జిల్లా మేజిస్ట్రేటుకు గాని ఫిర్యాదు చేయవచ్చు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆర్.సి. లాహోటీ, అశోక్ భాన్ ఇచ్చిన తీర్పు, మాట్లాడే హక్కు ఉన్నవానికి ఇతరుల చెవులలో బలవంతంగా ధ్వని నింపే హక్కు లేదని తేల్చినది. లౌడుస్పీకరు, బాణసంచా విషయంలో ఇవి గట్టి ఆయుధాలే.

కాని గ్రైండరు విషయంలో ఈ కొలతలు అంతగా పనిచేయవు. ఆ హద్దులు కొంతకాలపు సగటును చూస్తాయి. నిద్రపోయేవానిని లేపేది సగటు కాదు, ఒక్కక్షణపు దెబ్బ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఈ భేదం గుర్తించి, పడకగదిలో రాత్రి సగటు 30, ఒక్కొక్క చప్పుడు 45 డెసిబెల్స్ మించరాదని సూచించినది.

ఇంగ్లండులో ఇదే సమస్య అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళినది. లండనులోని సౌత్‌వార్క్ పురపాలక సంస్థ ఫ్లాట్లలో అద్దెకున్నవారికి ప్రక్కింటి టెలివిజన్, పసివాని ఏడ్పు, వంటపని అన్నీ వినబడేవి. 1999 అక్టోబరులో ప్రభువుల సభ వారి బాధ నిజమేనని ఒప్పుకొని కూడా దావా కొట్టివేసినది. పొరుగువారు మామూలుగా బ్రతకడం నేరం కాదని, లోపం భవనం కట్టుబడిలో ఉన్నదని తీర్పు సారాంశం. మన కోర్టులు ఆ తీర్పునకు కట్టుబడనక్కరలేదు గాని, అందులోని వివేకం మనకూ పనికివస్తుందని మా అభిప్రాయం.

అందుచేత ఫిర్యాదు చేసే తీరే ముఖ్యం. కర్రతో పొడవడం, వాచ్‌మన్‌తో కబురు పంపడం, కోపం వచ్చిన గడియలో తలుపు కొట్టడం, ఈ మూడూ చెడగొట్టేవే. మరునాడు పగటిపూట వెళ్ళి, 'మీరు చప్పుడు చేస్తున్నారు' అనక, 'ఫలానా వేళ మా గదిలో ఇలా వినబడుతున్నది, ఒకసారి వచ్చి వినండి' అనవలెను. పలు మతాలవారు ఒకే మెట్లు ఎక్కి దిగే భవనాలలో మరింత జాగ్రత్త కావలెను. వేళను, చప్పుడును గూర్చి మాట్లాడవలెనే గాని పండుగను, ప్రార్థనను, తిండిని, పుట్టుకను గూర్చి ఒక్కమాట దొర్లరాదు. ఒకసారి దొర్లితే ఆ తగవు గ్రైండరుది కాకుండా పోతుంది. పరీక్షలు దగ్గర పడి నిద్రలేక చిరాకుగా ఉన్న విద్యార్థులు ఈ మాట ప్రత్యేకించి గుర్తుంచుకోవలెను.

మాటతో తీరనప్పుడు ఫ్లాట్ల యజమానుల సంఘం ఉన్నది. మరమ్మతులకు, డ్రిల్లింగు పనికి, నీటి మోటారుకు సంఘం ముందే వేళలు నిర్ణయించి బోర్డుపై వ్రాయించడం మేలు. తగవు వచ్చాక వ్రాసిన నియమం ఎవరో ఒకరిమీద వ్రాసినట్లే ఉంటుంది. అదే నియమం అద్దెకున్నవారికీ, సొంతదారుకూ ఒకటిగా ఉండవలెను. అద్దెవారినే దండించే సంఘాలను మేము చూశాము. అదీ విఫలమైతే, దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్ళవచ్చు. అక్కడ కోర్టు ఫీజు లేదు. ఇరువురూ ఒప్పుకొని చేసుకొన్న రాజీకి సివిలు కోర్టు డిక్రీకున్న బలం ఉంటుంది.

నందిగామ భవనంలో అంతదూరం పోలేదు. సంఘం పెద్ద ఒకాయన చెప్పగా, పై ఇంటి తల్లి ఒకనాటి వేకువను క్రిందికి వచ్చి అమ్మాయి మంచంమీద కూర్చున్నది. పైన కొడుకు గ్రైండరు వేశాడు. ఆమె గోడపై అరచేయి ఆనించి, 'ఇంతగా అదురుతుందని తెలియదమ్మా' అన్నది. గ్రైండరును గదిపై నుండి వంటింటి వెనుక భాగానికి మార్చి, హైవే ప్రక్క లారీ షెడ్డులో తెచ్చిన పాత టైరు ముక్కలు దానిక్రింద వేశారు. చప్పుడు పూర్తిగా పోలేదు. పచ్చడి మాత్రం అయిదున్నరకు గాని రుబ్బరు. పరీక్షల మూడు వారాలు గారెలపిండి బంధువుల ఇంట రుబ్బి తెచ్చుకొన్నారు.

ఆ రోజులలోనే మొదటి అంతస్తులోని ముసలాయన ఒక మధ్యాహ్నం పైకి వచ్చాడు. రాత్రి పన్నెండింటికి ఎవరో కుర్చీ ఈడుస్తున్నారని, తనకు మెలకువ వస్తున్నదని మెల్లగా చెప్పాడు. ఆ చప్పుడు తమదని అమ్మాయి ఇంటివారికి అంతవరకు తెలియదు. మిగిలిన టైరు ముక్కలు ఆ కుర్చీ కాళ్ళకు అమర్చారు.