యూకే రైల్‌కార్డ్ చిక్కు: 'సెటిల్‌మెంట్' లేఖ వచ్చిందా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

బ్రిటన్‌లో చదువుకుంటున్న ఓ తెలుగు విద్యార్థి ఎప్పటిలాగే యాప్‌లో రైల్‌కార్డ్ డిస్కౌంట్‌తో టికెట్ తీసుకున్నాడు అనుకుందాం. రైల్లో తనిఖీ సిబ్బంది కార్డు చూపించమన్నారు. తీరా చూస్తే దాని గడువు రెండు నెలల కిందటే అయిపోయింది. సిబ్బంది పేరు, అడ్రస్ రాసుకుని వెళ్లిపోయారు. కొన్ని వారాల తర్వాత రైలు సంస్థ నుంచి లేఖ వచ్చింది. కోర్టుకు వెళ్లకుండా తేల్చుకోవాలంటే ఇంత మొత్తం కట్టాలన్నది దాని సారాంశం.

ఇక్కడే చాలామంది కంగారు పడతారు. కొందరు లెక్క కూడా చూడకుండా వెంటనే కట్టేస్తారు. ఇంకొందరు భయపడి లేఖను పక్కన పడేస్తారు. రెండూ నష్టమే.

మన దగ్గరిలా కాదు

మన రైళ్లలో టికెట్ లేకుండా దొరికితే ఛార్జీ, దానిపై కనీసం రూ.250 అదనంగా టీటీఈకి కట్టి రసీదు తీసుకుంటే సాధారణంగా విషయం అక్కడితో ముగుస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో అలా కాదు. అక్కడ రైలు సంస్థలే నేరుగా మెజిస్ట్రేట్ కోర్టులో క్రిమినల్ కేసు వేయగలవు.

కేసులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది 1889 నాటి రైల్వేల నియంత్రణ చట్టం కింద పెట్టేది. ఛార్జీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని ఇందులో సంస్థే నిరూపించాలి. శిక్ష గరిష్ఠంగా 1,000 పౌండ్ల జరిమానా లేదా మూడు నెలల జైలు. రెండోది రైల్వే బైలాస్ కింద పెట్టేది. ఇందులో ఉద్దేశంతో పని లేదు. చెల్లని టికెట్‌తో ప్రయాణించారని తేలితే చాలు. దీనికీ 1,000 పౌండ్ల వరకు జరిమానా పడొచ్చు.

అందుకే 'పొరపాటున జరిగింది' అనే మాట మొదటి రకం కేసులో చాలా ముఖ్యం. రెండో రకంలో ఆ ఒక్క మాటతో బయటపడటం కష్టం.

సెటిల్‌మెంట్ అంటే ఏంటి?

కోర్టుకు వెళ్లకుండా బకాయి ఛార్జీ, సంస్థకు అయిన ఖర్చులు కట్టి విషయాన్ని ముగించుకోవడమే సెటిల్‌మెంట్. ఇది కోర్టు తీర్పు కాదు, నేర నిర్ధారణ కాదు. అలాగని ప్రయాణికుడి హక్కూ కాదు. ఇవ్వాలా వద్దా అన్నది సంస్థ ఇష్టం.

సంస్థ చాలాసార్లు ముందు 'మీ వివరణ ఏంటి?' అని అడుగుతూ లేఖ పంపుతుంది. అసలు కీలకం ఆ జవాబే. జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తప్పు ఉంటే ఒప్పుకుని విచారం తెలపాలి. బకాయి, ఖర్చులు కట్టడానికి సిద్ధమని, కోర్టు బయట తేల్చుకునే అవకాశం ఇవ్వమని మర్యాదగా రాయాలి. కట్టుకథలు అస్సలు వద్దు. యాప్‌లో కొన్న పాత టికెట్ల రికార్డును కూడా సంస్థలు పరిశీలిస్తుంటాయి. 'ఇదే మొదటిసారి' అని రాశాక గడువు తీరిన కార్డుతో పది ప్రయాణాలు బయటపడితే, పొరపాటు అన్న మాటను ఎవరూ నమ్మరు.

కట్టే ముందు ఏం చూడాలి?

* లేఖ నిజంగా రైలు సంస్థదేనా? సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోని నంబర్‌తో సరిచూసుకోవాలి.
* ఏ తేదీల ప్రయాణాలు లెక్కలోకి తీసుకున్నారు? కార్డు చెల్లుబాటులో ఉన్న రోజులు అందులో కలిశాయా?
* డిస్కౌంట్ తేడా మాత్రమే అడిగారా, పూర్తి ఛార్జీ అడిగారా? అప్పటికే టికెట్‌కు కట్టిన డబ్బు తగ్గించకపోతే, తగ్గించమని కోరొచ్చు.
* డబ్బు కడితే ఈ విషయంలో ఇక కేసు ఉండదని లేఖలో స్పష్టంగా ఉందా?
* గడువు ఎప్పటి వరకు? ఒకేసారి కట్టలేకపోతే గడువులోపే రాసి వాయిదాలు అడగాలి.

కట్టిన తర్వాత రసీదు, లేఖలు, ఈమెయిల్స్ అన్నీ భద్రపరచుకోవాలి.

సంస్థలు చెప్పిందే వేదమా?

కాదు. 2024లో ఓ ప్రయాణికుడికి ఇలాగే ప్రాసిక్యూషన్ హెచ్చరిక వచ్చింది. తేడా ఎంతో తెలుసా? కేవలం 1.90 పౌండ్లు! అతని రైల్‌కార్డ్‌కు గడువు ఉంది. కానీ 16-25 కార్డుకు సోమవారం నుంచి శుక్రవారం వరకు తెల్లవారుజామున 4:30 నుంచి ఉదయం 10 గంటల మధ్య 12 పౌండ్ల కనీస ఛార్జీ నిబంధన ఉంది. అదే అతను గమనించలేదు. విషయం వార్తల్లోకి ఎక్కాక సంస్థ వెనక్కి తగ్గింది.

అదే ఏడాది ఆగస్టులో చీఫ్ మెజిస్ట్రేట్ పాల్ గోల్డ్‌స్ప్రింగ్ మరో కీలక నిర్ణయం వెలువరించారు. 1889 చట్టం కేసులను 'సింగిల్ జస్టిస్ ప్రొసీజర్' అనే షార్ట్‌కట్ విధానంలో నడపడం చెల్లదన్నారు. దాని ప్రభావం సుమారు 74 వేల కేసులపై పడుతుందని అంచనా. 2025 జూన్‌లో రైలు నియంత్రణ సంస్థ ఓఆర్‌ఆర్ నివేదిక కూడా, ఇలాంటి వ్యవహారాల్లో తీరు ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉందని చెప్పింది. కాబట్టి లెక్క తేడాగా అనిపిస్తే అడగడంలో తప్పు లేదు.

వీసా సంగతేంటి?

విద్యార్థుల అసలు భయం ఇదే. సెటిల్‌మెంట్ నేర నిర్ధారణ కాదు. కోర్టులో దోషిగా తేలితే మాత్రం అది క్రిమినల్ కన్విక్షన్. తర్వాత వీసా, ఉద్యోగ దరఖాస్తుల్లో అడిగితే చెప్పాల్సి రావొచ్చు. అక్కడ దాచితే అసలు కేసు కంటే పెద్ద సమస్య అవుతుంది. ప్రశ్న ఎలా అడిగారో జాగ్రత్తగా చదివి నిజమే రాయాలి.

అద్దె ఇళ్లు తరచూ మారే విద్యార్థులకు ఇంకో ముప్పు ఉంది. లేఖలు పాత అడ్రస్‌కు వెళ్లిపోతాయి. ఘటన జరిగిన ఆరు నెలల్లోపు సంస్థ కేసు మొదలుపెట్టొచ్చు. జవాబు లేకపోతే విచారణ మనిషి లేకుండానే ముగిసిపోవచ్చు. అలా శిక్ష పడిందని ఆలస్యంగా తెలిస్తే, తెలిసిన 21 రోజుల్లోపు కోర్టులో 'స్టాట్యుటరీ డిక్లరేషన్' ఇచ్చి కేసును మళ్లీ తెరిపించుకునే వీలుంది.

సిటిజన్స్ అడ్వైస్‌లో, యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్ సలహా కేంద్రాల్లో ఉచితంగా సాయం దొరుకుతుంది. కోర్టు సమన్లు వచ్చినా, అడిగిన మొత్తం పెద్దదైనా సొలిసిటర్‌ను కలవడం మేలు.

ఇక వీటన్నిటికంటే తేలికైన పని ఒకటుంది. రైల్‌కార్డ్ గడువు ఎప్పుడు ముగుస్తుందో ఇప్పుడే చూసి, వారం ముందు మోగేలా ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే చాలు.