కల్తీకి రంగుల సాక్ష్యము

తెల్లగా నున్నంత మాత్రమున పాలనియు, పచ్చగా నున్నంత మాత్రమున పసుపనియు నమ్ముటకు వీలులేని దినము లివి. రంగుతో మోసగించు వర్తకుని రంగుతోనే పట్టియిచ్చు ఉపాయములను రసాయనశాస్త్రము మనకు ప్రసాదించినది.

పాలలో పిండి కలిపినచో, కాచి చల్లార్చి రెండు మూడు చుక్కల అయోడిను ద్రావణము వేయగనే నీలివన్నె పొడసూపును. కలిపినది యూరియా యైనచో అయోడిను పలుకదు. అప్పుడు చెంచాడు పాలలో అరచెంచా కందిపిండి కలిపి, అయిదు నిమిషములు నిలిపి, ఎఱ్ఱ లిట్మసు కాగితమును అరనిమిషము ముంచవలెను. కందిపిండిలోని కిణ్వము యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టించుటచే కాగితము నీలమగును.

పసుపు విషయమున తొందరపాటు తగదు. గాఢమైన హైడ్రోక్లోరికామ్లము చుక్కలకు స్వచ్ఛమైన పసుపు గూడ వన్నె మాఱును. నీరు పోసినంతనే ఆ వన్నె తొలగును. తొలగక నిలిచినచో అది మెటానిల్ ఎల్లో యను నిషిద్ధమైన రంగు. దుగ్గిరాల, నిజామాబాదు ప్రాంతముల రైతులు ఉడికించి యెండబెట్టి తెచ్చిన సరకునకు ఈ రంగు తెచ్చు అపకీర్తి యింతంత కాదు. ఆమ్లము ప్రమాదకరము గావున ఈ పరీక్షను తెలిసినవారే చేయవలెను.

అయితే ప్రతి పరీక్షయు తన్నడిగిన ప్రశ్నకే బదులు చెప్పును. 2018లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ దేశమంతట 6,432 పాల నమూనాలను పరీక్షింపించినది. ప్రమాదకరమైన కల్తీ కనబడినవి 12. అందు 9 తెలంగాణమునకు చెందినవి. అఫ్లటాక్సిను ఎం1 అను విషము మితిమీరినవి 368! బూజుపట్టిన దాణా తిన్న పశువునుండి పాలలోనికి దిగు ఈ విషమును పై చుక్కలేవియు పట్టజాలవు. వర్తకుని నిందించు రైతు సోదరులు తమ దాణాకొట్టును గూడ చూచుకొనవలెనని మా మనవి.

ఇంటి పరీక్ష అనుమానమునకు ఆధారమే గాని తీర్పు గాదు. 2006వ సంవత్సరపు ఆహార భద్రతా చట్టము 40వ విభాగము ప్రకారము, కొనునప్పుడే అమ్మువానికి తెలియజేసి, రుసుము చెల్లించి, ఏ కొనుగోలుదారుడైనను ఆహార విశ్లేషకునిచే సరకును పరీక్షింపించుకొనవచ్చును. దోషము రుజువైనచో రుసుము తిరిగి రాబట్టుకొను హక్కు గలదు. ఈ హక్కును ఎఱిగినవారెందఱు? ప్రతి పట్టణపు సంతలోను ఉచిత రంగు పరీక్షలు జరుపుటయు, అనుమానమున్న సరకును విశ్లేషకునకు చేర్చుటయు ప్రభుత్వముల విధియని మేము తలంచుచున్నాము. ప్రజలు ప్రశ్నించుట నేర్చిననాడు గాని కల్తీ వర్తకునకు భయము పుట్టదు.