వానకు తడిసిన సైకిలు: ఆ పూటే తుడిస్తే ఏళ్ల తరబడి మన్నిక

అమలాపురం: కోనసీమలో ముసురు పట్టిందంటే వీలున్నవారు ఇంటిపట్టున ఉండిపోతారు గాని, సైకిలు మీద బతుకు వెళ్లదీసేవారికి ఆ వీలు లేదు. తెల్లవారకముందే పాల కేంద్రానికి క్యాన్లు చేర్చేవారు, పత్రికలు వేసే కుర్రవాళ్లు, చేపల గంప కట్టుకుని ఊరూరా తిరిగేవారు, కొబ్బరి దింపులకు పోయే కూలీలు కుండపోతలోనూ సైకిలు తీయవలసిందే. అది ఒక్కరోజు మూలపడితే ఆనాటి సంపాదన పోయినట్లే.

వానలో తొక్కినందువల్ల కలిగే నష్టం కంటె, తడిసిన సైకిలును అలాగే గోడకు చేర్చి పడుకోవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువని మెకానిక్కులు చెబుతున్నారు.

బ్రేకు మీదే ప్రాణం

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల వెంబడి ఏటిగట్ల మీదుగానే చాలా ఊళ్లకు దారి. గట్టు మీది నుంచి ఊళ్లోకి దిగే వాలులో, వెనక బరువుతో వచ్చే సైకిలుకు బ్రేకు పట్టకపోతే ప్రమాదం తప్పదు. ఇనుప రిమ్ము తడిసినప్పుడు బ్రేకు రబ్బరు జారుతుంది. పొడిగా ఉన్నప్పటికంటె చాలా దూరం పోయి గాని బండి ఆగదు. అందుచేత వాలు రాకముందే రెండు బ్రేకులనూ తేలికగా నొక్కి, చక్రం నాలుగు చుట్లు తిరిగేలోగా రిమ్ము మీది నీటిని తుడిచివేయాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కరాదు.

ఇంటికి చేరాక రబ్బర్లను పరీక్షించాలి. వాటిలో ఇసుక రేణువులు గుచ్చుకుని ఉంటే మేకు మొనతో తీసివేయాలి. లేనియెడల అవి రిమ్ము పూతను గీరివేస్తాయి. గీత పడినచోటే తుప్పు మొదలవుతుంది.

ముందు కడగాలి, తర్వాత ఆయిలు

తడిసిన చైను మీద అప్పటికప్పుడు ఆయిలు పోయడం చాలామంది చేసే పొరపాటు. ఒండ్రు మట్టికి ఆయిలు తోడైతే ఆకురాయి ముద్దలా తయారై చైనునూ, పళ్ల చక్రాన్నీ అరగదీస్తుంది. మొదట చెంబుతో మంచినీళ్లు పోసి మట్టి వదిలించాలి. ఉప్పుగాలి తగిలే సముద్రతీర గ్రామాలవారికి ఇది మరీ ముఖ్యం. బైకులు కడిగే గొట్టంతో హబ్బుల మీదికి నీళ్లు కొట్టించరాదు. ఆ వేగానికి నీరు లోపలి బాల్సులోకి చేరుతుంది.

తర్వాత పొడిగుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఆరబెట్టాలి. చైను లోపలివైపు ఒక్కొక్క రోలరుకు ఒక్కొక్క చుక్క చొప్పున ఆయిలు వేసి, పెడలును వెనక్కు తిప్పి, పైన మిగిలినదాన్ని తుడిచివేయాలి. ఆయిలు అవసరం లోపలనే. పైన ఉన్నది దుమ్మును పట్టడానికే పనికివస్తుంది. రిమ్ముకూ, బ్రేకు రబ్బరుకూ చుక్క కూడా తగలరాదు.

ఇంట్లో ఉన్నది గదా అని కొబ్బరినూనె రాసేవారున్నారు. అది చలికి గడ్డకట్టి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. మోటారు బండి నుంచి తీసిన నల్లటి కాలిన ఆయిలులో ఇనుప నలుసులుంటాయి కనుక అదీ పనికిరాదు. కుట్టుమిషను ఆయిలు ఫరవాలేదు గాని, పలచన కావడం వల్ల మరుసటి వానకే కొట్టుకుపోతుంది. కొత్త ఇంజను ఆయిలు కొద్దిగా ఉంటే చాలు.

కంటికి కనిపించని తుప్పు

సీటు గొట్టం గుండా దిగిన నీరు పెడళ్ల ఇరుసు దగ్గర నిలుస్తుంది. పైన రంగు చెదరకుండానే ఫ్రేము లోపలినుంచి తినివేయబడుతుంది. వానాకాలంలో అప్పుడప్పుడు సీటు గొట్టాన్ని ఊడదీసి, సైకిలును తలకిందులు చేసి నీరు ఓడ్చాలి. గొట్టానికి గ్రీజు రాసి బిగిస్తే తుప్పుతో పట్టుకుపోదు. టైరు లోపల నీరు చేరితే రిమ్ము టేపు కింద స్పోకుల తలలు తుప్పు పట్టి ట్యూబును పొడుస్తాయి. గాజుపెంకులు తడి టైరులో తేలికగా దిగబడతాయి గనుక టైరును కూడా చేత్తో తిప్పి చూసుకోవాలి.

మునిగిన సైకిలు సంగతి

1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ వచ్చిన గోదావరి వరదలకు లంక గ్రామాలు నీట మునిగాయి. అటువంటప్పుడు హబ్బులు మునిగిన సైకిలుకు పైపైన ఆయిలు వేస్తే చాలదు. రెండు హబ్బులూ, పెడళ్ల ఇరుసూ విప్పించి, కిరసనాయిలుతో గాని డీజిలుతో గాని కడిగించి, కొత్త గ్రీజు పెట్టించాలి. గుంటలు పడిన బాల్సు ఒక్కటి కనిపించినా ఆ వైపు సెట్టంతా మార్చాలి. పాతవాటిలో కొత్తవి కలిపితే బరువంతా పెద్దవాటి మీదే పడుతుంది. చక్రాన్ని చేత్తో తిప్పినప్పుడు గరగర చప్పుడు వచ్చినా, అటూ ఇటూ ఊగినా ఆలస్యం చేయరాదు.

ప్రతి ఊళ్లోనూ సైకిలు షాపు ఉండే రోజులు పోయాయి. అందువల్ల పాత గుడ్డ, అరిగిన పళ్ల బ్రష్షు, ఆయిలు బుడ్డి, ఒక స్పానరు ఇంట్లో ఉంచుకోవడం మంచిది. బడికి సైకిలు మీద పోయే పిల్లలకు ఈ పని నేర్పితే వారే చేసుకోగలరు. పట్టే సమయం పావుగంట. మర్నాడు తెల్లవారుజామున, చీకట్లో, పాల క్యాన్లతో గట్టు దిగేటప్పుడు బ్రేకు పట్టిందంటే ఆ పావుగంటకు ఫలితం దక్కినట్లే.