ఒక్క అంకె చాలదు: ఇంట్లో రక్తపోటు కొలవడం ఎలా?

డాక్టరు గారు "నూట యాభై, తొంభై" అనగానే ఇంటిల్లిపాదికీ దిగులు పట్టుకుంటుంది. వారం తిరిగాక మరోచోట కొలిపిస్తే 130 వస్తుంది. "నాకేమీ లేదు" అంటూ మాత్రలు మానేసేవారు కూడా ఉన్నారు. ఈ రెండు అంకెల్లో ఏది నిజం? రెండూ నిజం కావచ్చు. రక్తపోటు మన ఎత్తులాగా స్థిరంగా ఉండదు. నడిచినా, మాట్లాడినా, భయపడినా పెరుగుతుంది, నిద్రలో తగ్గుతుంది. అందుకే ఇంట్లో చాలాసార్లు కొలిచి సగటు చూడటం అవసరం.

రెండు సంఖ్యలు ఏమిటి?

గుండెలోని ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు రక్తం ధమనుల్లోకి ఉరుకుతుంది. అప్పుడు ధమనుల గోడలపై పడే గరిష్ఠ పీడనమే సిస్టోలిక్ పీడనం, అంటే పై సంఖ్య. గుండె సడలి తిరిగి నిండుతున్నప్పుడు ఉండే కనిష్ఠ పీడనం డయాస్టోలిక్, అంటే కింది సంఖ్య. వీటిని పాదరస స్తంభం ఎత్తుతో పోల్చి మిల్లీమీటర్లలో చెబుతారు.

ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనికి గాజు గొట్టం అమర్చి, అందులో రక్తం 8 అడుగులకు పైగా ఎగబాకడం చూశాడు. ఆ వివరాలను 1733లో ప్రచురించాడు. చేతికి పట్టీ చుట్టి కొలిచే పాదరస పరికరాన్ని 1896లో ఇటలీ వైద్యుడు రివారోచి రూపొందించాడు. పట్టీ గాలి వదులుతున్నప్పుడు ధమనిలో వినిపించే చప్పుళ్ల ఆధారంగా రెండు సంఖ్యలనూ గుర్తించవచ్చని 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ తెలిపాడు.

ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ యంత్రం చప్పుళ్లను వినదు. ధమని కొట్టుకునేటప్పుడు పట్టీలోని గాలిలో పుట్టే స్వల్ప కంపనాలను పసిగట్టి, వాటినుంచి రెండు సంఖ్యలనూ లెక్కగడుతుంది. కాబట్టి చెయ్యి కదిలిస్తే లెక్క తప్పుతుంది.

చెయ్యి ఎక్కడ ఉండాలి?

దీనిలో మీ భౌతికశాస్త్ర పాఠమే ఉంది. చెయ్యి గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి వేలాడుతోందనుకోండి. ఆ ఎత్తుగల రక్త స్తంభం బరువు అదనంగా తోడవుతుంది. రక్తం సాంద్రత 1.06, పాదరసం సాంద్రత 13.6. 100 మిల్లీమీటర్లను 1.06తో హెచ్చించి 13.6తో భాగిస్తే దాదాపు 8 వస్తుంది. అంటే 128 ఉన్నవారికి యంత్రం 136 చూపిస్తుంది! చేతిని బల్లపై గుండె ఎత్తున ఆనించాలని చెప్పేది ఇందుకే. పట్టీ చేతి లావుకు సరిపడకుండా చిన్నదైతే కూడా అంకె ఎక్కువగా వస్తుంది.

కొలిచే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేలపై ఉండాలి, కాలుమీద కాలు వేయరాదు. అరగంట ముందునుంచి టీ, కాఫీ, పొగ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. కొలుస్తున్నప్పుడు మాటలు వద్దు.

మూడు షిఫ్టుల ఊరిలో

ఒక నిమిషం తేడాతో ఉదయం రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, ఇలా ఏడు రోజులు కొలవాలి. మొదటి రోజు అంకెలు వదిలి, మిగిలిన 24 కొలతల సగటు తీయాలి. మరి రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోయేవారికి "ఉదయం" ఏది?

జంషెడ్‌పూర్‌లో ఈ ప్రశ్న ఎన్నో ఇళ్లలో తలెత్తేదే. అక్కడి టాటా ఉక్కు కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. కొలిమిని రాత్రిపూట ఆర్పలేరు కనుక పని షిఫ్టుల్లో నడుస్తుంది. శ్రీకాకుళం వైపునుంచి తరతరాల క్రితం వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఈ షిఫ్టుల లెక్కతోనే బతుకుతున్నాయి. సాధారణంగా నిద్రలో రక్తపోటు 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ గోడ గడియారం కంటే నిద్రే ముఖ్యం. నిద్రలేచిన గంటలోపు, టీ తాగకముందు, మాత్ర వేసుకోకముందు ఒకసారి. పడుకోబోయే ముందు మరొకసారి కొలవాలి. పుస్తకంలో అంకె పక్కనే షిఫ్టు కూడా రాస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం.

ఇల్లంతా ఒకే పుస్తకం

యంత్రం నాన్న కోసం కొంటారు. అమ్మ చెయ్యి దాంట్లో పెట్టనే పెట్టదు. కాని 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 ఏళ్లు నిండిన పురుషుల్లో 24 శాతం మందికి, స్త్రీలలో 21 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. తేడా ఎంత స్వల్పమో చూడండి! పైగా ఇది చాలామందిలో ఏ బాధా లేకుండానే ఉండి, మెదడును, గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందువల్ల పుస్తకంలో అమ్మకూ, నాన్నమ్మకూ ఒక్కో పేజీ ఉండాలి.

ఇంటి కొలతల సగటులో పై సంఖ్య 135 గాని, కింది సంఖ్య 85 గాని దాటితే డాక్టరుకు చూపించాలి. ఆసుపత్రిలో ఈ హద్దు 140, 90. డాక్టరును చూడగానే కొందరికి పోటు పెరుగుతుంది. మరికొందరికి అక్కడ మామూలుగా ఉండి ఇంట్లో ఎక్కువగా ఉంటుంది. ఈ రెండో రకాన్ని ఇంటి కొలతలు లేకుండా గుర్తించడం కష్టం. 180, 120 దాటి, ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, కాలు చేయి పట్టుతప్పడం వంటివి కనిపిస్తే కొలుస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అంకెలు బాగున్నాయంటే మాత్ర పనిచేస్తోందని కావచ్చు. డాక్టరు చెప్పకుండా దాన్ని మానకూడదు. ఇక ఉప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఒక్కొక్కరికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించకుండా వాడమంటోంది. ఆవకాయ, అప్పడం, ఎండుచేపల్లోని ఉప్పు కూడా ఈ లెక్కలోదే. ఇంటికంతా కూర ఒకే గిన్నెలో ఉడుకుతుంది గనుక, తగ్గిస్తే అందరికీ మేలే.

విద్యార్థులారా! పట్టీ సరిగా చుట్టడం, అంకె ఉన్నదున్నట్లు రాయడం, సగటు తీయడం మీరు సులువుగా చేయగల పనులు. ఈ వారమే ఒక నోటు పుస్తకం తీసి గీతలు గీయండి. మొదటి పేజీలో ఇంతవరకు ఎవరూ కొలవని వారి పేరు రాయండి.