నందపూర్ రాత్రికి ఎన్ని డ్రమ్ముల నీళ్లు?

జనవరి మధ్యాహ్నం నందపూర్‌లో పాలీహౌస్ తలుపు తెరవకపోతే టమాటా ఆకులు వేడికి వాలిపోతాయి. అదే పాలీహౌస్‌లో తెల్లవారుజామున నారు చలికి బిగుసుకుంటుంది. ఆకు అడుగు ఊదారంగుకు తిరుగుతుంది. దేవ్‌మాలి శిఖరం (1,672 మీటర్లు) చుట్టూ పరచుకున్న ఈ కొరాపుట్ పీఠభూమి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. సంక్రాంతి రోజుల్లో సిమిలిగుడ, పొట్టంగి వైపు పది డిగ్రీల లోపు చలి మామూలే. పేరంతా మన లంబసింగికి పోయింది గానీ కారణం రెండు చోట్లా ఒకటే: మబ్బు లేని ఆకాశం, పొడిగాలి. పగలు తాగిన వేడిని నేల రాత్రిపూట పరారుణ కిరణాలుగా పైకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. కాబట్టి పల్లపు మడిలో కంటే కాస్త మెరక మీద పాలీహౌస్ వేసుకుంటే సగం గొడవ తీరుతుంది.

పాలిథిన్ కప్పు ఉంది కదా, చలి ఆపదా? అనుకున్నంత ఆపదు. 1909లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు పలక, మరోదానికి సైంధవ లవణపు పలక మూతగా పెట్టాడు. పరారుణ కిరణాలను గాజు ఆపుతుంది, సైంధవ లవణం పోనిస్తుంది. ఎండను ముందు ఇంకో గాజు గుండా పంపి చూస్తే, రెండు పెట్టెల వేడిలో తేడా ఒక డిగ్రీ కూడా సరిగా లేదు. అంటే పగలు లోపల వేడెక్కడానికి ముఖ్య కారణం, వేడిగాలి బయటికి పోలేకపోవడమే. రాత్రి కథ వేరు. మామూలు పాలిథిన్ షీటు ఈ విషయంలో లవణపు పలకకు చుట్టం. గాలి కదలని రాత్రి లోపలి వేడి బయటికంటే ఒకింత తగ్గినా ఆశ్చర్యం లేదు. షీటు లోపలి వైపు పట్టే నీటి పొర పరారుణాన్ని ఆపి కొంత మేలు చేస్తుంది, కానీ ఆ చుక్కలే ఆకుల మీద పడి బూజు తెగుళ్లను పిలుస్తాయి.

ఇక లెక్క. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న ఇంటి పాలీహౌస్‌కు గోడలూ కప్పూ కలిపి సుమారు 150 చదరపు మీటర్ల షీటు పడుతుంది. ఒంటి పొర షీటులో చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు దాదాపు 6 వాట్లు పోతాయి. బయట 6 డిగ్రీలుంటే లోపల 12 నిలపాలనుకుందాం: 5,400 వాట్లు. పది గంటలకు 54 యూనిట్లు! తెల్లవారుజాము చలిని రాత్రంతటికీ అంటగట్టాం కాబట్టి ఇది కొంత పెద్ద అంకే అయినా, కరెంటు హీటరు ఆలోచన మానుకోవడానికి చాలు. సగం వేడి దక్కే పొయ్యిలో ఎండు కట్టెలు కాల్చినా రాత్రికి పాతిక ముప్పై కిలోలు కావాలి.

మధ్యాహ్నం తలుపు తెరిచి బయటికి తోలేసిన వేడి గుర్తుందా? దాన్ని నీళ్లలో దాచుకోవచ్చు. నల్లరంగు వేసిన 200 లీటర్ల డ్రమ్ము పగలు పది డిగ్రీలు వేడెక్కితే, రాత్రి 2.3 యూనిట్ల వేడి తిరిగిస్తుంది. 54 యూనిట్లకు ఇరవై మూడు డ్రమ్ములు. ఇక మొక్కలకు చోటెక్కడ? అందుకే ముందు సాయంత్రం లోపల అడ్డంగా లాగే తెర కట్టాలి. తెర, షీటు మధ్య నిలిచిన గాలి నష్టాన్ని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తుంది. అప్పుడు పన్నెండు, పదిహేను డ్రమ్ములతో గట్టెక్కవచ్చు. తలుపు సందులు మూయకుండా పొయ్యి వెలిగించడం మాత్రం చిల్లికుండకు నీళ్లు పోయడమే.

పొయ్యి పెట్టక తప్పకపోతే పొగగొట్టం కచ్చితంగా బయటికి ఉండాలి. అరకొరగా మండిన కట్టె నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వెళ్లినవారి ప్రాణం తీస్తుంది. పొగలోని ఎథిలీన్‌కు టమాటా పూత రాలిపోతుంది.

నన్నడిగితే అసలు ఇల్లంతా వేడి చేయనక్కర్లేదు. బఠాణీ, క్యాబేజీ, స్ట్రాబెర్రీలకు ఈ చలి నచ్చుతుంది. రాత్రి 13 డిగ్రీల లోపు పడితే పిందె సరిగా కట్టనిది టమాటా. క్యాప్సికం ఇంకా సుకుమారి. వాటి నారు పోసిన మూలలో వెదురు బద్దలు వంచి, చిన్న పాలిథిన్ గూడు కట్టి, పక్కనే రెండు డ్రమ్ములు పెడితే చాలు. థర్మామీటరును మాత్రం తల ఎత్తున తగిలించకుండా నారు పక్కనే, ఆకుల ఎత్తులో ఉంచాలి.